దొంగ ఊపిరిని పట్టిన డిప్ మీటర్

ఎల్‌బీ నగర్ దాకా మెట్రో వచ్చిన మరుసటి ఏడాది, ఎండాకాలం చివర్లో, చైతన్యపురి మెయిన్ రోడ్డు మీది ఒక పిల్లల ఆసుపత్రిలో బయోమెడికల్ విభాగం ఇన్‌చార్జిగా చేరాను. అదే నా చివరి ఉద్యోగం. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, వైద్య పరికరాలు అమ్మే ఒక కంపెనీలో సర్వీస్ టెక్నీషియన్‌గా మొదలుపెట్టి, రెండు మూడు ఆసుపత్రులు తిరిగి, సీనియర్ ఇంజనీరు హోదాలో అక్కడికి వచ్చాను. విభాగం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. లిఫ్టు పక్కన ఒక గది, ఒక బల్ల, తీగలు అతికే ఒక సోల్డరింగ్ ఐరన్, నేను, షిఫ్టుకొక టెక్నీషియన్. అంతే.

బయోమెడికల్ వాళ్ల పనేమిటని చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. బిడ్డను డాక్టరు చూస్తాడు, బిడ్డకు తగిలించిన మిషన్‌ను మేం చూస్తాం. మిషన్ చూపించే అంకెను బట్టి డాక్టరు మందు రాస్తాడు కాబట్టి ఆ అంకెకు పూచీ మాది. ప్రతి మిషన్‌నూ గడువు ప్రకారం పరీక్షించి, సరిగా ఉంటే పచ్చ స్టిక్కరు, లేకపోతే ఎర్ర స్టిక్కరు అంటిస్తాం. పచ్చ స్టిక్కరు పడ్డ మిషన్‌ను ఇక ఎవరూ అనుమానించరు.

మూడో అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు ఉండేది. అందులో ఆరు వార్మర్లు. వార్మర్ అంటే పైనుంచి సన్నని వేడి దిగే తెరిచిన తొట్టి. ప్రతి తొట్టి పక్కనా ఒక మానిటర్. అంత చిన్న పిల్లలకు ఒక ప్రమాదం ఉంటుంది, నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. పాదం మీద వేలితో తడితే మళ్లీ మొదలుపెడతారు. అయితే ఊపిరి ఆగిందని ముందు ఎవరికైనా తెలియాలి కదా, అది కనిపెట్టే పని మానిటర్‌ది. బిడ్డ ఛాతీకి అంటించిన చిన్న స్టిక్కర్ల గుండా అది ఒంటికి తెలియనంత సన్నని కరెంటును పంపుతుంది. మామూలు కరెంటులా కాదు, సెకనుకు అరవై వేల సార్లకు పైగా ఊగే కరెంటు. ఊపిరికి ఛాతీ ఉబ్బినప్పుడల్లా ఆ కరెంటుకు అడ్డు కొద్దిగా పెరుగుతుంది, దిగినప్పుడు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే స్క్రీన్ మీద పసుపుపచ్చ గీతలో అలలుగా కనిపిస్తాయి. గీత చదునైపోతే అలారం మోగుతుంది.

వానలు మొదలైన వారం ఒక సాయంత్రం, కిటికీ మూల తొట్టిలో ఉన్న స్వప్న బిడ్డకు ఊపిరి ఆగింది. స్వప్న వాళ్లది నల్లగొండ వైపు పల్లె. భర్త ఎల్‌బీ నగర్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు. మొదటి కాన్పు, ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. వార్డు ఇన్‌చార్జి సిస్టర్ రమాదేవి పక్క తొట్టి బిడ్డకు పాలు పడుతూ తల తిప్పి చూసేసరికి పాప పెదవులు నీలంగా ఉన్నాయి. ఆమె ఒక్క ఉదుటున వెళ్లి పాదం తట్టింది, వీపు రుద్దింది. పాప ఏడ్చింది. ఆ కాసేపూ పైన మానిటర్‌లో పసుపు గీత చక్కగా అలలు అలలుగా కదులుతూనే ఉంది. ఊపిరి నిమిషానికి నలభై అని అంకె కూడా చూపించింది. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని రెండో అలారం మోగిందిగానీ, అది ఎప్పుడైనా ఆలస్యంగానే మోగుతుంది. ఊపిరి ఆగాక కొంతసేపటికి గానీ రక్తంలో ఆక్సిజన్ పడిపోదు.

మర్నాడు పొద్దున సూపరింటెండెంట్ గదిలో మమ్మల్నందరినీ కూర్చోబెట్టారు. మానిటర్ తన లెక్కలన్నీ దాచుకుంటుంది. అది తెరిచి చూస్తే ఆ సాయంత్రమంతా పాప ఊపిరి సవ్యంగానే ఉన్నట్టు ఉంది. అంటే సిస్టర్ ఆలస్యంగా చూసి, నెపం మిషన్ మీదకు నెడుతోందా అన్నది పైవాళ్ల ప్రశ్న. సంజాయిషీ ఇవ్వమన్నారు. రమాదేవి గుంటూరు వైపు మనిషి. గొంతు పెంచి మాట్లాడే రకం కాదు.

“స్క్రీన్ ఏం చూపించిందో నాకు అనవసరమండీ. పాప ఛాతీ కదల్లేదు. నేను కళ్లారా చూశాను,” అంది.

మానిటర్ కంపెనీ నుంచి నవీన్ అనే సర్వీస్ ఇంజనీరు వచ్చాడు. పనిమంతుడు, ఏదీ పైపైన చూసి వదిలేయడు. మా దగ్గర సిమ్యులేటర్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. దానికి మానిటర్ తీగలు తగిలిస్తే అది బిడ్డలా నటిస్తుంది. గుండె ఎంత కొట్టుకోవాలో, ఊపిరి ఎంత తీసుకోవాలో మనం చెప్పవచ్చు. ఊపిరి ఆపమంటే ఆపుతుంది. నవీన్ మానిటర్‌ను కింద మా బల్ల మీదకు తెప్పించి, ఆ పొద్దుటిపూటంతా సిమ్యులేటర్ పెట్టి అన్ని రకాలుగా పరీక్షించాడు. ఊపిరి ఆపిన ప్రతిసారీ మానిటర్ ఠంచనుగా అలారం మోగించింది. పచ్చ స్టిక్కరు మళ్లీ నేనే అంటించాను. అయినా ఎందుకైనా మంచిదని ఆ మానిటర్‌ను పక్కన పెట్టి, స్టోర్‌లో ఉన్న ఇంకొకటి ఆ మూలలో పెట్టించాను.

మూడు రోజులు గడవకముందే సాయంత్రం డ్యూటీలో ఉన్న రమాదేవి ఫోన్ చేసింది. ఆమె పాప ఛాతీ మీద చూపు నిలిపి ఊపిరి లెక్కపెడితే ముప్పై దాటడం లేదట, స్క్రీన్ అరవై అంటోందట. నేను లిఫ్టు ఎక్కి పైకి వెళ్లేసరికి రెండు లెక్కలూ కలిసిపోయాయి. ఆమె నా ముఖంలోకి చూసి, “నేను కల్పించి చెప్తున్నానంటారా మేడం?” అని అడిగింది.

“మీ మాట నిజమైతే రెండు మిషన్లు ఒక్క తీరుగ అబద్ధం చెప్తున్నయ్ సిస్టర్,” అన్నాను. “రెండు మిషన్లు ఒక్కటే అబద్ధం చెప్తున్నయంటే, తప్పు మిషన్లది కాదు. ఆ మూలది.”

పిల్లల డాక్టరు శ్రీధర్ గారు ఆ రోజే కొత్తగా పిల్లలను చేర్చుకోవడం ఆపేశారు. “కారణం తెల్వనప్పుడు మిగిలిన ఐదు స్క్రీన్లను మాత్రం ఎట్ల నమ్మమంటరు?” అన్నారు. ఆ వారంలోగా సంగతి తేలకపోతే ఉన్న పిల్లలను కూడా వేరే ఆసుపత్రులకు పంపించాలని చెప్పారు. కిలోన్నర కూడా లేని బిడ్డలను దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో అంబులెన్సు ఎక్కించడం అంటే ఏమిటో ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. స్వప్న బిడ్డను నర్సుల బల్ల పక్క తొట్టికి మార్చి, ఛాతీ మీద కన్ను తీయకుండా ఒక నర్సును కూర్చోబెట్టాం. వార్డు బయట స్వప్న నన్ను ఆపి, “మిషన్ ఖరాబైందంట గద మేడం. నా బిడ్డకు మళ్ల అట్ల కాదు గద?” అంది. చూస్తున్నామని చెప్పాను. ఆ జవాబు ఆమెకు చాలలేదు, నాకూ చాలలేదు.

అప్పుడు నేను చేసిన పని చాలా చిన్నది. సిమ్యులేటర్‌ను ఖాళీగా ఉన్న మూల తొట్టిలో పెట్టి, మానిటర్ తగిలించి, గుండె కొట్టుకో, ఊపిరి మాత్రం తీసుకోకు అని సెట్ చేసి, అలారం గొంతు తగ్గించి, పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాను. ఇంతకుముందు పరీక్షలన్నీ పొద్దుటిపూట చేశాం. ఫిర్యాదులు మాత్రం సాయంత్రాలవి. కాబట్టి రోజంతా కాపలా కాయాలనుకున్నాను.

మొదటి రోజు పగలంతా గీత చదునుగానే ఉంది. సాయంత్రం వేరే పని మీద ఆపరేషన్ థియేటర్‌కు పిలిస్తే వెళ్లాల్సి వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం భోజనాలవేళ దాటాక ఆకాశం ఒక్కసారిగా మూసుకుపోయింది. వార్డులో లైట్లు వేశారు. బయట వాన ఇంకా మొదలుకాలేదు. అంతలో చదునుగా ఉన్న పసుపు గీత సన్నగా వణికింది. తర్వాత లేచింది. పడింది. మళ్లీ లేచింది.

ఊపిరితిత్తులే లేని పెట్టె ఊపిరి తీసుకుంటోంది.

“సిస్టర్, ఇటు రండి!” అని కేక వేశాను. రమాదేవి వచ్చి స్క్రీన్ చూసింది, పెట్టె చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఊపిరి అరవై అంటోంది అంకె. తర్వాత యాభై. నలభై. అలలు వెడల్పు అవుతూ, బద్ధకంగా సాగుతూ, ఒక దశలో గీత నిలిచిపోయింది. అంతలోనే మళ్లీ మెల్లగా కదిలింది. ఇరవై, ముప్పై, యాభై, ఇలా ఎక్కిపోయి, చివరికి సన్నని గరగరగా మారి మాయమైంది.

ఆ దిగడం, ఆగడం, మళ్లీ ఎక్కడం నాకు బాగా తెలుసు. కళ్లకు కొత్తగానీ చెవులకు పాతదే. తంబురాలో రెండు తీగలు దాదాపు ఒకే శ్రుతికి వచ్చినప్పుడు వాటి మధ్య ఒక ఊపు వినిపిస్తుంది. శ్రుతి దగ్గరయ్యే కొద్దీ ఊపు నెమ్మదిస్తుంది, సరిగ్గా కలిస్తే ఆగిపోతుంది, దాటిపోతే మళ్లీ మొదలవుతుంది. మా భాషలో దాన్ని బీట్ అంటారు. పాత రేడియోలో స్టేషను తిప్పుతుంటే ఈల దిగి దిగి ఆగి మళ్లీ పైకి లేచేది, అదీ ఇదే. అంటే ఆ మూలలో ఎక్కడో, మానిటర్ కరెంటుతో దాదాపు సమానంగా ఊగే ఇంకో కరెంటు ఉంది. అది వేడెక్కే కొద్దీ దాని వేగం జారుతోంది. రెండు కరెంట్లూ బాగా దగ్గరైన ఆ కాసేపు మానిటర్‌కు ఊపిరిలాంటి అల ఒకటి దొరుకుతోంది. పాపం, దానికి దొంగ ఊపిరికీ అసలు ఊపిరికీ తేడా తెలియదు.

నవీన్‌కు ఫోన్ చేసి చెప్పాను. అతను గడగడా మాట్లాడాడు. “మేడం, గదే అయితే స్పెక్ట్రమ్ అనలైజర్ కావాలె. హైదరాబాదుల మా దగ్గర లేదు, బెంగళూరు నుంచి తెప్పియ్యాలె. జల్ది అంటే కూడా పది రోజులైతది.”

ఏ వేగంతో ఊగే కరెంటు ఎక్కడుందో చూపించే మిషన్ అది. ఖరీదైనది. అతని మాట వింటుంటేనే నాకు చప్పున వెలిగింది. “పది రోజులు మనకు లేవు నవీన్. గసొంటి పని చేసేది నా దగ్గర ఒకటి ఉండాలె. ఇంటికి పోయి చూడాలె, ఉన్నదో పారేసిన్రో.”

మా ఇల్లు మన్సూరాబాద్. మెట్రో దిగి ఎల్‌బీ నగర్‌లో షేర్ ఆటో ఎక్కి, తడుస్తూ ఇంట్లో అడుగుపెట్టి, చెప్పులైనా విడవకుండా సజ్జ కింద స్టూలు వేశాను. మా ఆయన ఏమైందని అడిగితే నా డిప్ మీటర్ కావాలన్నాను.

“గా రేకు డబ్బానా? ఇల్లు సున్నం వేసినప్పుడల్ల పారేస్త అంటే నువ్వే గద వద్దన్నవ్. ఎనకకు ఉంటది చూడు, పాత మిక్సీ ఎనక,” అన్నాడు.

ఉంది. దుమ్ము పట్టిన చదరపు బిస్కెట్ డబ్బాలో, పాత లంగా గుడ్డలో చుట్టి ఉంది.

డిప్ మీటర్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ఎలక్ట్రానిక్స్ సరదాగా చేసేవాళ్లు ఒకప్పుడు సొంతంగా తయారుచేసుకున్న పరికరం. అరచేతిలో పట్టే అల్యూమినియం పెట్టె, ఒక కొసన బయటికి పొడుచుకొని ఉండే తీగచుట్ట, పక్కన తిప్పే చక్రం, పైన ముల్లు కదిలే చిన్న మీటరు. చక్రం తిప్పితే పెట్టెలో పుట్టే కరెంటు ఊగే వేగం మారుతుంది. దగ్గరలో అదే వేగంతో ఊగే కరెంటు ఏదైనా ఉంటే, తగలకుండానే ముల్లు కదులుతుంది, చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో ఈల వినిపిస్తుంది. నేను దాన్ని పాలిటెక్నిక్ రెండో ఏట చేశాను. మా బ్యాచ్‌లో నలుగురమే ఆడపిల్లలం. సెలవు రోజుల్లో కోఠి సందుల్లో తిరిగి ఒక్కొక్క విడిభాగం ఏరుకున్నాను. మీటరు మాత్రం చెడిపోయిన టేప్‌రికార్డరులోంచి తీసింది. చక్రం చుట్టూ అట్టముక్క మీద అంకెలు నేనే నల్ల సిరాతో రాశాను. ఉద్యోగంలో చేరాక కంపెనీ ఇచ్చే పరికరాలు చేతికొచ్చాయి, ఇది సజ్జ ఎక్కింది.

గుడ్డ విప్పి చూస్తే నా అక్షరాలు ఇంకా చెదరలేదు. కానీ లోపల బ్యాటరీ ఎప్పుడో కారి, క్లిప్పును పచ్చగా తినేసింది. చక్రం బిగుసుకుపోయింది. భోజనాల బల్ల మీద కాగితం పరిచి, సోల్డరింగ్ ఐరన్ వేడిపెట్టి, క్లిప్పు మార్చాను. చక్రం ఇరుసుకు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి అటూఇటూ ఆడిస్తే కరకరమంటూ వదిలింది. కొత్త బ్యాటరీ పెట్టి మీట నొక్కాను. ముల్లు కదల్లేదు. ప్రాణం ఉసూరుమంది. తీగచుట్ట పీకి, దాని కాళ్లు గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ గుచ్చాను. ముల్లు లేచింది! సగం దాకా లేచి నిలబడింది. ఎవరో పాత స్నేహితురాలు తలుపు తీసి నవ్వినట్టు అనిపించింది. పక్కనే మా ఆయన పాకెట్ రేడియో పెట్టి చక్రం తిప్పితే, రేడియోలో వార్తలు చదువుతున్న ఆయన గొంతు మీదుగా ఈల రయ్యిమని దిగి, ఆగి, మళ్లీ లేచింది. నేను గట్టిగా నవ్వేశాను.

“ఇంట్ల పెండ్లి పెట్టుకున్నట్టు చేస్తున్నవ్,” అన్నాడు ఆయన, బియ్యం కడిగి కుక్కరులో పోస్తూ. వంట సంగతి నాకు ఆ మాటతోగానీ గుర్తురాలేదు.

ఇంకో చిక్కు మిగిలింది. నా దగ్గరున్న తీగచుట్టలన్నీ రేడియో స్టేషన్లు పట్టే వేగాలకు చేసినవి. నాకు కావాల్సింది అంతకంటే చాలా తక్కువ వేగం. వేగం తగ్గాలంటే చుట్లు పెరగాలి. ఖాళీ పౌడరు డబ్బా తీసుకొని, పాత ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి లాగిన ఎనామిల్ పూసిన రాగి తీగను దాని మీద చుట్టడం మొదలుపెట్టాను. తీగ మీద తీగ ఎక్కకూడదు, వదులు కాకూడదు. ఒక చేత్తో డబ్బా తిప్పుతూ ఇంకో చేత్తో తీగను బిగువుగా వదులుతుంటే వేళ్లకు ఆ పని ఇంకా గుర్తుంది. సరిగ్గా కావాల్సిన వేగం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత కిటుకు ఉంది. అరవై వేలతో ఊగే కరెంటుకు పదిరెట్ల దగ్గర ఒక నీడ ఉంటుంది, అది మామూలు రేడియోలో మీడియం వేవ్ మొదట్లో వినిపిస్తుంది. రేడియోను అక్కడ పెట్టి, ఈల వచ్చేదాకా చుట్లు కలుపుతూ తీస్తూ పోయాను. వచ్చింది. ఆ అట్టముక్క మీద కొత్త గీత గీసి, ‘వార్డు’ అని రాసుకున్నాను.

మర్నాడు మెట్రో స్టేషన్‌లో తనిఖీ చేసే అమ్మాయి స్కానర్‌లో దాన్ని చూసి బ్యాగు తెరవమంది. రేకు పెట్టె, తీగలు, పౌడరు డబ్బా. ఆమె అనుమానం న్యాయమైనదే. ఆసుపత్రి గుర్తింపు కార్డు చూపించి, మీట నొక్కి ముల్లు కదిలిస్తే, “గింత పాతదా మేడం!” అని నవ్వి పంపించింది.

వార్డులో ఏ కొత్త పరికరం వాడాలన్నా డాక్టరు అనుమతి ఉండాలి. శ్రీధర్ గారికి సంగతంతా వివరించాను. ఇది పుట్టించే కరెంటు చాలా చిన్నదైనా సరే, పిల్లల తొట్లను వార్డు అవతలి వైపుకు జరిపాకే మీట నొక్కుతాననీ, మూలలో సిమ్యులేటర్ తప్ప బిడ్డ ఉండకూడదనీ నేనే షరతు పెట్టాను. ఆయన ఒప్పుకున్నారు. నవీన్ కూడా తన పనులు ముగించుకొని వచ్చాడు. ముగ్గురం, నేను, నవీన్, రమాదేవి, పొద్దువాలడం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

వీధిలో దీపాలు వెలుగుతున్న వేళ గీత కదిలింది. రమాదేవి ముందుగా చూసి చెయ్యి ఎత్తింది. నేను ఇయర్‌ఫోన్ పెట్టుకొని చక్రాన్ని ‘వార్డు’ గీత దగ్గరికి తెచ్చాను. చెవిలో ఈల! స్పష్టంగా, మొండిగా. మానిటర్ ఈల కాదు. మానిటర్‌ను ఆపించి చూశాను, అయినా ఉంది. ఇంకెవరిదో అది.

డిప్ మీటర్‌ను తొట్టి మీదకు తెచ్చాను, ముల్లు కాస్త కదిలింది. స్విచ్‌బోర్డు దగ్గర పెట్టాను, తగ్గింది. నేను మొదట అనుమానించింది స్విచ్‌బోర్డునే. ఆక్సిజన్ గొట్టం దగ్గరా లేదు. ఏసీ దగ్గరా లేదు. గోడ వెంబడి అంగుళం అంగుళం జరుపుతూ పోతుంటే, మూలలో, నేల నుంచి మోకాలెత్తున, తెల్లటి ప్లాస్టిక్ పలక దగ్గర ముల్లు ఠక్కున కొసకు కొట్టుకుంది. అక్కడ ఏ మిషనూ లేదు. ఏ ప్లగ్గూ లేదు. ఉత్త గోడ.

“మేడం, పలక తీయాల్నా?” అన్నాడు నవీన్. అప్పటికే స్క్రూడ్రైవర్ అతని చేతిలో ఉంది.

పలక వెనక గోడలో రంధ్రం. అందులోంచి వేలెడు పొడవు నల్లటి కేబుల్ కొస. టీవీ కేబుల్. ఈ అంతస్తు వార్డు కాకముందు అద్దె గదులుగా ఉండేదని, ప్రతి గదికీ టీవీ ఉండేదని వార్డులో అందరికీ తెలుసు. టీవీలు పోయాయి, కేబుళ్లు గోడల్లో మిగిలిపోయాయి. దీని కొస సరిగ్గా మానిటర్ తీగలు వేలాడే చోటుకు జానెడు దూరంలో ఉంది.

కేబుల్ రెండో కొస ఎక్కడుంది? నవీన్ కిటికీలోంచి తొంగి చూసి, “అగో!” అని అరిచాడు. గోడలోంచి బయటికొచ్చిన నల్ల తీగ సందును దాటి పక్క భవనం మీదకు పోయింది. చైతన్యపురిలో భవనాల మధ్య చెయ్యి చాపితే అందేంత సందే. పక్క భవనంలో ఒక కోచింగ్ సెంటరు. వాళ్ల గోడకు ఆ నెలలోనే కొత్తగా బిగించిన పెద్ద లైటింగు బోర్డు, ర్యాంకర్ల ఫొటోలతో, మా కిటికీ పక్కనే ధగధగా వెలుగుతోంది. మా పాత కేబుల్‌ను ఆ బోర్డు తీగలతో కలిపి, ఇనుప చట్రానికి చుట్టి, ప్లాస్టిక్ ట్యాగులతో బిగించి ఉంచారు. కేబుల్‌వాళ్లో, బోర్డువాళ్లో, ఎవరి పనో తెలియదు.

బోర్డు అనుమానితురాలే గానీ ఇంకా నేరం రుజువు కాలేదు. మర్నాడు మధ్యాహ్నం నేనూ నవీనూ కోచింగ్ సెంటరు మేనేజరు దగ్గరికి వెళ్లాం. విజయవాడ వైపు ఆయన. సంగతి వినగానే కుర్చీలోంచి లేచాడు. “మా బోర్డు వల్ల పసిపిల్లలకి ఇబ్బందా? ఆపేయమంటే ఇప్పుడే ఆపేయిస్తానండీ,” అన్నాడు. ఆపొద్దు, ఒకసారి వెలిగించండి అన్నాను. దానికి స్విచ్ లేదట. వెలుతురు తగ్గితే తనంతట తాను వెలిగే సెన్సర్ ఉందట. ఆ మాటతో మబ్బు పట్టిన మధ్యాహ్నం దొంగ ఊపిరి ఎందుకు వచ్చిందో నాకు తేటతెల్లమైంది.

ముగ్గురం డాబా ఎక్కాం. మంచి ఎండ. చెవిలో ఇయర్‌ఫోన్, చేతిలో డిప్ మీటర్, ఇంకో చేతిలో ఫోన్. అవతల వార్డులో రమాదేవి సిమ్యులేటర్ ముందు కూర్చుంది. ఈల లేదు, ముల్లు కదలడం లేదు. నవీన్ వంగి, సెన్సర్ మీద తన టోపీ బోర్లించాడు.

బోర్డు వెలిగింది. ముల్లు ఎగిరింది. చెవిలో ఈల మోగింది. కాసేపు అందరం ఊపిరి బిగబట్టి నిల్చున్నాం. బోర్డు వేడెక్కుతుంటే ఈల శ్రుతి కొద్దికొద్దిగా దిగుతోంది. దిగుతోంది. ఫోన్‌లో రమాదేవి గొంతు పగిలినట్టు వచ్చింది:

“వచ్చిందండీ! ఊపిరి వచ్చింది! అరవై... యాభై ఐదు...”

“టోపీ తియ్యి నవీన్!”

తీశాడు. బోర్డు ఆరింది. “పోయిందండీ! చదునైపోయింది,” అంది ఆమె. మూడుసార్లు చేశాం. బోర్డు చల్లారేదాకా ఆగి, మళ్లీ కప్పి, మూడుసార్లూ అదే జరిగింది. నవీన్ చిన్నపిల్లాడిలా డాబా మీద చప్పట్లు కొట్టాడు. మేనేజరు అయితే నా చేతిలో పెట్టెను రెండు చేతులా తీసుకొని ఈల విన్నాడు.

తర్వాత వార్డులోకి వెళ్లి, నేనే కిటికీలోంచి చెయ్యి చాపి, కట్టర్‌తో ఆ నల్ల కేబుల్‌ను గోడ బయటే కత్తిరించి, లోపలి ముక్కను లాగేశాను. డాబా మీద నవీన్ మళ్లీ టోపీ కప్పాడు. బోర్డు వెలిగి, వేడెక్కి, చాలాసేపు అలాగే ఉంది. వార్డులో మేం ముగ్గురం, నేను, రమాదేవి, శ్రీధర్ గారు, స్క్రీన్‌కేసి చూస్తూ నిలబడ్డాం. గీత చదునుగానే ఉంది. అంత అందమైన చదును గీత నేను ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

ఆ వారంలోనే మేనేజరు ఆ దొంగ కరెంటు పుట్టే చోటైన బోర్డు పవర్ డబ్బాలకు సరైన ఎర్త్ వేయించాడు. మేం మూడో అంతస్తు గోడల్లోంచి పాత టీవీ కేబుళ్లన్నీ పీకించాం. సూపరింటెండెంట్ అందరినీ పిలిచి, రమాదేవి మీద విచారణ ఎత్తివేశామనీ, ఆమె చెప్పిందే నిజమనీ ప్రకటించారు. ఆమె నమస్కారం పెట్టి, పాలు పట్టే వేళయిందని లేచి వెళ్లిపోయింది. కొత్త పిల్లల చేరికలు మళ్లీ మొదలయ్యాయి. స్వప్న బిడ్డ రెండు కిలోలు దాటాక ఇంటికి వెళ్లింది. వెళ్లే రోజు స్వప్న ఆ పెట్టె ఏదో చూపించమంటే చూపించాను. “గిదేనా!” అని పాప చేతిని దానికి తాకించింది. నవీన్ మరుసటి నెలకల్లా తనకోసం ఒకటి తయారుచేసుకొని, మా గదికి తెచ్చి, రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి ఈలలు కలిపి వినిపించాడు.

ఈ సంఘటన తర్వాత మా విభాగంలో ఒక పద్ధతి మార్చాను. అప్పటిదాకా ఫిర్యాదు వచ్చిన మిషన్‌ను కిందికి తెచ్చి, మా బల్ల మీద పరీక్షించేవాళ్లం. ఆ తర్వాత ఫిర్యాదు వచ్చిన చోటనే, వచ్చిన వేళలోనే, చుట్టూ ఉన్నవన్నీ నడుస్తుండగా పరీక్షించడం మొదలుపెట్టాం. నర్సు లెక్కా స్క్రీన్ లెక్కా కలవకపోతే, కారణం తేలేదాకా నర్సు లెక్కే చెల్లుతుందని డాక్టర్లతో ఒప్పించాం. నేను రిటైరయ్యేదాకా ఆ రెండూ అమలులో ఉన్నాయి. మిషన్ బాగుందని తేలడం వేరు, అది చెప్పేది నిజమని తేలడం వేరు. మొదటి పరీక్ష బల్ల మీద చేయవచ్చు. రెండోది బిడ్డ పక్కన నిలబడే చేయాలి.